ఊపిరి బాటలో దీపం: డాక్టర్ షెవాలియర్ జాక్సన్ జీవిత కథ

ఉర్దూలో దమ్ అన్నా, తెలుగులో ఊపిరి అన్నా ప్రాణానికి మారుపేరే. ఆ దమ్ అనే మాట తెలుగులోకి దమ్ముగా వచ్చి ధైర్యానికీ, ఓపికకూ, చివరకు బీడీ పీల్పుకూ కూడా పేరైంది. ప్రాణం నిలిపేదానికీ, దానిని కొంచెం కొంచెంగా హరించేదానికీ ఒకే మాట ఎలా కుదిరిందో భాషావేత్తలు చెప్పవలసిందే.

మా కళాశాల గ్రంథాలయంలో చిరకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దమనిషిని మేమంతా చాచా అని పిలిచేవాళ్ళం. యౌవనం నుండి బీడీ అలవాటు. ఉద్యోగం విడిచిన కొన్నేళ్ళకు ఆయనకు ఆయాసం పట్టుకొన్నది. ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. ఉబ్బసమన్నారు, మందులిచ్చారు. నెలలు గడిచాయి. చివరకు ఆయన పడుకోలేని స్థితి వచ్చింది. వెల్లకిలా పడుకొంటే ఊపిరాడక, గోడకు దిండు ఆనించుకొని కూర్చునే రాత్రులు తెల్లవార్చేవారు. అది ఉబ్బసం కాదనీ, ఊపిరితిత్తులలో పుట్టిన క్యాన్సర్ గడ్డ పెద్ద శ్వాసనాళాన్ని పక్కనుంచి నొక్కివేస్తున్నదనీ ఆలస్యంగా తేలింది. అప్పుడు వైద్యులు ఆయన నోటి గుండా లోపలికి ఒక లోహపు గొట్టాన్ని పంపి, దాని ద్వారా బొటనవేలంత లావున్న సిలికాన్ నాళాన్ని ఆ ఇరుకుచోట అమర్చారు. దానినే స్టెంటు అంటారు. ఆ రాత్రి చాచా వెల్లకిలా పడుకొని నిద్రపోయారు. ఎన్నో నెలల తరువాత అదే మొదటిసారి.

పరామర్శకు వెళ్ళిన మమ్మల్ని ఆయన అడిగినది ఒక్కటే. ప్రాణమున్న మనిషి గొంతులోకి గొట్టం దించి చూడవచ్చునని మొట్టమొదట ఎవరికి తోచింది, ఆ చేయి వణకకుండా ఎవరు నేర్పారు అని. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపిన మనిషి కాబట్టి ఆ సందేహం ఆయనకే రావాలి. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ మేము చదివినదే ఈ వ్యాసం.

ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. సుమారు వెయ్యి సంవత్సరాల క్రిందటనే ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో, ఊపిరాడని రోగికి బంగారంతోనో వెండితోనో చేసిన గొట్టాన్ని గొంతులోకి పంపి శ్వాసకు సాయపడవచ్చునని వ్రాశాడు. కాని గొంతు దాటి లోపల ఏమున్నదో కంటితో చూడడానికి అనేక శతాబ్దాలు పట్టింది. 1854లో మాన్యుయల్ గార్సియా అనే సంగీతోపాధ్యాయుడు చిన్న అద్దం సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకొన్నాడు. వైద్యుల కంటె ముందు ఒక పాటల పంతులుకు ఆ భాగ్యం దక్కడం మాకు ముచ్చటగా తోచింది. 1895లో బెర్లిన్‌లో కిర్‌స్టైన్ అద్దం అవసరం లేకుండానే స్వరపేటికను నేరుగా చూశాడు. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో గుస్టావ్ కిలియన్ మరింత లోతుకు పోయి, ఒక వృద్ధ రైతు కుడి శ్వాసనాళ శాఖలో ఇరుక్కొన్న ఎముక ముక్కను గొట్టం ద్వారా నోటిగుండానే బయటికి తీశాడు. శ్వాసనాళ దర్శనానికి, అంటే బ్రాంకోస్కోపీకి, పితామహుడనే గౌరవం న్యాయంగా కిలియన్‌దే. అయితే ఒక నిపుణుని చేతిలోని అపురూప సాహసాన్ని శిక్షణ పొందిన ప్రతి వైద్యుడూ చేయగల విద్యగా మార్చినవాడు మరొకడు. ఆయనే అమెరికా దేశపు డాక్టర్ షెవాలియర్ జాక్సన్.

జాక్సన్ 1865 నవంబరు 4న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. అది బొగ్గుకూ ఉక్కుకూ పేరుపడిన ఊరు. కుటుంబం ధనికమైనది కాదు. పిల్లవాడు పొట్టివాడు, బక్కవాడు, బిడియస్థుడు. తోటి పిల్లలు అతనిని పెట్టిన హింస ఇంతా అంతా కాదు. ఒకసారి కళ్ళకు గంతలు కట్టి పాడుబడిన బొగ్గు గనిలో పడవేశారనీ, ఒక కుక్క పసికట్టడం వల్ల అతడు బయటపడ్డాడనీ తన స్వీయచరిత్రలో ఆయనే వ్రాసుకొన్నాడు. చీకటి సొరంగంలో చిక్కుకొని ఊపిరికోసం తపించిన ఆ బాలుడు పెద్దవాడై, అంతకంటె ఇరుకైన చీకటి సొరంగాలలోకి దీపం తీసుకొని దిగడమే వృత్తిగా చేసుకొన్నాడు. ఈ రెంటికీ ముడిపెట్టడం మా ఊహే కావచ్చు. కాని చదివినవారికి ఆ ఊహ రాకుండా ఉండదు.

బడిలో దొరకని ఆనందం ఆ పిల్లవాడికి వడ్రంగపు పనిముట్లలో దొరికింది. కొయ్య, లోహం, తీగ, ఏది చేతికి దొరికినా దానితో ఏదో ఒకటి తయారు చేసేవాడు. చిత్రలేఖనం కూడా అలాగే పట్టుబడింది. వైద్య విద్యకు కావలసిన డబ్బును గాజు సామాను మీదా పింగాణీ పాత్రల మీదా బొమ్మలు వేసి సంపాదించుకొన్నాడు. చదువుకోసం చేతిపనికి దిగే విద్యార్థులు మా కళాశాలలోనూ ఉన్నారు గనుక ఈ విషయాన్ని కొంచెం గట్టిగానే చెబుతున్నాము. ఆ కుంచె పట్టిన వేళ్ళే తరువాత ఆయనకు ప్రపంచ ఖ్యాతిని తెచ్చాయి.

1886లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల నుండి ఆయన పట్టభద్రుడైనాడు. ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టడానికి పాఠకులు అనుమతించాలి. అదే 1886లో, అదే ఫిలడెల్ఫియా నగరంలో, మహిళా వైద్య కళాశాల నుండి మన దేశపు ఆనందీబాయి జోషి పట్టా పుచ్చుకొన్నది. ఇరువురూ ఒకరినొకరు ఎరుగరు కాబోలు. కాని సుమారు యాభై సంవత్సరాల తరువాత, 1935లో, జాక్సన్ ఆ మహిళా వైద్య కళాశాలకే అధ్యక్షుడై 1941 వరకు దాని బాధ్యత వహించాడు. స్త్రీలు వైద్యం చదవడాన్ని చిన్నచూపు చూసే కాలంలో ఆయన ఆ సంస్థ వైపు నిలబడ్డాడు.

పట్టా చేతికి రాగానే ఆయన లండన్ వెళ్ళి ఆనాటి గొంతు వ్యాధుల నిపుణులలో అగ్రగణ్యుడైన మోరెల్ మెకెంజీ పనితనాన్ని చూశాడు. మెకెంజీ అన్నవాహికలోకి చూడడానికి ఒక పరికరం తయారు చేసుకొన్నాడు గాని, అది ఆచరణకు అంతగా పనికివచ్చేది కాదు. యువకుడైన జాక్సన్ మనసులో అది నాటుకొన్నది. పిట్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చి వైద్యం మొదలుపెట్టి, 1890లో తన సొంత అన్నవాహిక దర్శినిని నిర్మించాడు. దానితో ఒక పెద్దవారి అన్నవాహికలో చిక్కుకొన్న కట్టుడు పళ్ళనూ, ఒక పసివాడు మింగిన నాణేన్నీ తీయగలిగాడు.

అటుపిమ్మట జరిగినది ఆయన జీవితంలో మరువరాని పాఠం. ఉత్సాహం కొద్దీ ఆయన ఆ పరికరాన్ని ఇతర వైద్యులకు అందించాడు. వారు తగిన శిక్షణ లేకుండానే ప్రయోగించారు. సున్నితమైన నాళాలు చిరిగి రోగులు మరణించారు. పరికరానికే చెడ్డపేరు వచ్చింది. తప్పు గొట్టానిది కాదు, పట్టిన చేతిది. అయినా జాక్సన్ ఆ నిందను ఇతరుల మీద వేసి ఊరుకోలేదు. పనిముట్టును ఇచ్చి పనిని నేర్పకపోవడం తన దోషమేనని భావించాడు. ఆనాటి నుండి ఆయన జీవితంలో సగం బోధనకే అంకితమైంది. రబ్బరు గొట్టాల మీద, బొమ్మల మీద, ఆ తరువాత జంతువుల మీద చేయి తిరిగిన పిమ్మటనే మనిషిని ముట్టాలని నియమం పెట్టాడు. తాను కూడా ఆ నియమానికి అతీతుడనని ఏనాడూ అనుకోలేదు. ఒక బిడ్డ ఏదైనా వస్తువు మింగితే, అటువంటిదే మరొకటి తెప్పించుకొని, దానిని ఏ కోణంలో ఏ పటకారుతో పట్టాలో ముందుగా గంటల తరబడి సాధన చేసేవాడు.

కిలియన్ విజయవార్త అట్లాంటిక్ దాటి వచ్చిన తరువాత జాక్సన్ చూపు శ్వాసనాళాల వైపు మళ్ళింది. కిలియన్ గొట్టంలోకి వెలుగు బయటినుంచి పడేది. పొడవైన ఇరుకు గొట్టంలో బయటి దీపం ఎంతవరకు పోతుంది? న్యూయార్క్ వైద్యుడు మాక్స్ ఐన్‌హార్న్ అన్నవాహిక దర్శినికి అడుగు కొనలో చిన్న విద్యుద్దీపాన్ని అమర్చే ఉపాయం చెప్పాడు. ఆ ఉపాయాన్ని జాక్సన్ శ్వాసనాళ దర్శినికి అన్వయించాడు. గోధుమగింజంత దీపం గొట్టంతోపాటే ఊపిరి బాటలోకి దిగింది. కఫం పీల్చివేసే మార్గాన్నీ, రకరకాల సన్నని పటకారులనూ చేర్చాడు. పరికరాలను తన కార్ఖానాలో స్వయంగా రూపొందించేవాడు. 1907లో ఈ విద్యమీద ఆయన వ్రాసిన గ్రంథం వెలువడింది.

ఆయన చేతిలోకి వచ్చిన రోగులలో పసిపిల్లలే ఎక్కువ. ఆ కాలంలో అమెరికా ఇళ్ళలో సబ్బు తయారీకీ, పాత్రలూ మురుగు గొట్టాలూ శుభ్రం చేయడానికీ తీవ్రమైన క్షారాన్ని వాడేవారు. చూడడానికి చక్కెరలా తెల్లగా ఉండే ఆ పొడిని తెలియక పిల్లలు నోట్లో వేసుకొనేవారు. బతికి బయటపడినవారి అన్నవాహిక కాలి, మానే క్రమంలో మూసుకుపోయేది. ఒక ఏడేండ్ల బాలికను అలాగే తీసుకువచ్చారు. కొంతకాలంగా ఆమె గుక్కెడు నీరు కూడా మింగలేకపోతున్నది. జాక్సన్ దర్శినిని లోపలికి పంపి, అక్కడ అడ్డుపడిన పదార్థాన్ని తీసివేశాడు. అనంతరం నర్సు గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఎప్పటిలాగే తిరిగివస్తుందన్న భయంతో పిల్ల ఒక చిన్న గుక్క తాగింది. నీరు దిగింది. మరొక గుక్క తాగింది. అదీ దిగింది. ఆ పిల్ల గ్లాసును మెల్లగా పక్కకు జరిపి, వైద్యుని చేయి పట్టుకొని ముద్దుపెట్టుకొన్నది. ఈ సంఘటనను జాక్సన్ వృద్ధాప్యంలో కూడా మరచిపోలేదు.

చికిత్సతోనే తృప్తి పడి ఉంటే ఆయన గొప్ప వైద్యుడు మాత్రమే అయ్యేవాడు. ప్రతి డబ్బామీదా విషమని ముద్రించి తీరాలనీ, ప్రమాదం జరిగితే ఏమి చేయాలో వ్రాయాలనీ ఆయన ఏండ్ల తరబడి పోరాడాడు. తయారీదారులకు ఆ మాట రుచించలేదు. ఆయన ఎముకల గూళ్ళయిన పిల్లల ఛాయాచిత్రాలను చట్టసభ్యుల ముందుంచాడు. ఎట్టకేలకు 1927 మార్చిలో ఆ చట్టం మీద అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ సంతకం చేశాడు. గొంతులు బాగుచేసిన మనిషికి ఆ సంతకమే అన్నిటికంటె పెద్ద శస్త్రచికిత్స అని మా అభిప్రాయం.

ఇక పిల్లలు మింగిన, పీల్చిన వస్తువుల సంగతి. పిన్నీసులు, గుండీలు, మేకులు, నాణేలు, ఎముకలు, చిన్న తాళంకప్ప, బొమ్మలకు పెట్టే బుల్లి దుర్భిణి. తీసిన ప్రతి వస్తువునూ, రోగి వయసూ, అది చిక్కిన చోటూ, తీసిన విధానమూ వ్రాసి ఆయన భద్రపరచేవాడు. తమ వస్తువు తమకివ్వమని ఎవరైనా అడిగినా ఇచ్చేవాడు కాదట. 1924లో ఫిలడెల్ఫియాలోని మూటర్ ప్రదర్శనశాలకు ఆయన సమర్పించిన ఆ సేకరణలో రెండు వేల మూడు వందలకు పైగా వస్తువులు సొరుగులలో వరుసగా అమర్చి ఉన్నాయి. చూసేవారికి వింత. కాని ఒక్కొక్క పిన్నీసు వెనుక ఒక్కొక్క తల్లి గుండె కొట్టుకొన్న రాత్రి ఉన్నది.

వీటన్నిటిలోకీ ఆయన ఎక్కువగా భయపడినది పిన్నీసుకు కాదు, వేరుశనగ గింజకు. మన పల్లీ అన్నమాట. లోహం లోపల చాలాకాలం పడి ఉండగలదు. గింజ అలా కాదు. తడికి ఉబ్బుతుంది, దాని నూనె శ్వాసనాళపు పొరను రేపుతుంది, పసివాడికి తీవ్రమైన వాపూ జ్వరమూ వస్తాయి. తీయబోతే పటకారులో నలిగి ముక్కలవుతుంది. దంతాలు పూర్తిగా రాని పిల్లలకు వేరుశనగలు పెట్టవద్దని ఆయన పదేపదే హెచ్చరించాడు. రైలు డబ్బాలో, తిరునాళ్ళలో, ఉర్సులో చంకలోని బిడ్డ చేతికి పల్లీలు పెట్టే అలవాటు మనకున్నది కనుక ఈ మాట ఇంటింటా తెలియవలసినదే.

మరొక హెచ్చరిక ఆయన తన శిష్యులకు నూరిపోసేవాడు. ఛాతీలో పిల్లికూతలు వినిపించినంత మాత్రాన అది ఉబ్బసమని తీర్మానించకూడదని. గాలి ఏ కారణంగా ఇరుకుదారిన పోయినా కూత పుడుతుంది. దారిలో పల్లీ గింజ ఉండవచ్చు, గడ్డ ఉండవచ్చు. చూడకుండా పేరు పెట్టరాదు. ఈ భాగం చదివినప్పుడు మాకు చాచా గుర్తుకు వచ్చారు. ఆయన విషయంలో పోయిన నెలలు గుర్తుకు వచ్చాయి.

ఇతరుల ఊపిరి నిలిపిన ఈ మనిషి సొంత ఊపిరితిత్తులు మాత్రం బలహీనమైనవి. 1911లో క్షయ సోకింది. ఆ తరువాత కూడా ఆ వ్యాధి తిరగబెట్టి, మొత్తం మూడు పర్యాయాలు ఆయనను మంచాన పడవేసింది. మందులేని రోజులు. విశ్రాంతి, గాలి, ఓపిక, ఇవే చికిత్స. పడక మీదనే ఆయన తన తదుపరి గ్రంథాన్ని వ్రాసుకొన్నాడు, దానికి కావలసిన బొమ్మలు గీసుకొన్నాడు. పొగ తాగడు, మద్యం ముట్టడు. బొగ్గుపొగ కమ్మిన పిట్స్‌బర్గ్‌ను వదలి 1916లో ఫిలడెల్ఫియా చేరి, తాను చదివిన జెఫర్సన్‌లోనే ఆచార్యుడైనాడు. కాలక్రమాన ఆ నగరంలోని ఐదు వైద్య విద్యాసంస్థలలో ఆచార్య పదవి నిర్వహించాడు. తరగతిలో రెండు చేతులతో రంగు సుద్దలు పట్టి, మాట్లాడుతూనే నల్లబల్ల మీద స్వరపేటికనూ శ్వాసనాళాన్నీ చిత్రించేవాడని ప్రసిద్ధి. గాజు మీద పూలు వేసిన చేయి మరి.

ఇంతవరకు బయటినుండి వచ్చి చిక్కిన వస్తువుల సంగతి చెప్పాము. శ్వాసనాళం తనంతట తానే ఇరుకైతే ఏమిటి? అది జాక్సన్‌ను కడదాకా వెంటాడిన సమస్య. ఊపిరాడని రోగి మెడకు రంధ్రం చేసి గొట్టం అమర్చే శస్త్రచికిత్సను వైద్యులు తొందరలో మరీ పైభాగాన, స్వరపేటికకు ఆనుకొని చేసేవారు. అప్పటికి ప్రాణం దక్కేది గాని, తరువాత ఆ భాగం మచ్చకట్టి మూసుకుపోయేది. 1921లో జాక్సన్ అటువంటి 200 మంది రోగుల వివరాలను ప్రకటించి, ఎక్కువ మందిలో ఈ దోషమే కారణమని నిరూపించాడు. రంధ్రం కొంత క్రిందుగా, పద్ధతి ప్రకారం చేయాలన్న ఆయన నియమం తరువాతి తరాలకు ప్రమాణమైంది. అప్పటికే మూసుకుపోయినవారికి క్రమక్రమంగా వెడల్పు చేసి, రబ్బరు గొట్టాన్ని లోపల నిలిపి ఉంచి, దారి మళ్ళీ ముడుచుకోకుండా కాపాడే పద్ధతి ఆ రోజులలో ఉండేది. నేటి స్టెంటులో ఉన్న ఆలోచన ఇదే. తెరవడం ఒక ఎత్తు, తెరిచిన దారిని తెరిచి ఉంచడం మరొక ఎత్తు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ జాక్సన్ యౌవనంలో అరుదైన వ్యాధి. సిగరెట్టు వ్యాపించిన కొలదీ అదీ వ్యాపించింది. అటువంటి గడ్డను బతికున్న మనిషిలో కంటితో చూసి, చిన్న తునక తీసి పరీక్షకు పంపే అవకాశం బ్రాంకోస్కోపు వల్లనే వచ్చింది. 1917లోనే జాక్సన్ కుడి శ్వాసనాళ శాఖలోని ఒక కంతిని నోటిగుండా తొలగించిన వృత్తాంతాన్ని ప్రచురించాడు. 1933లో సెయింట్ లూయిస్ నగరంలో ఎవార్ట్స్ గ్రాహం క్యాన్సర్ సోకిన ఊపిరితిత్తిని ఒకేసారి సంపూర్ణంగా తొలగించి రోగిని బతికించాడు. ఆ రోగికి వ్యాధి నిర్ణయమైనదీ బ్రాంకోస్కోపు తెచ్చిన తునకతోనే. ఆ గ్రాహమే 1950లో పొగకూ ఈ క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని చూపినవారిలో ఒకడు. చిరకాలం పొగతాగిన ఆయన 1957లో అదే వ్యాధికి బలి అయినాడు.

జాక్సన్ 1938లో స్వీయచరిత్ర వెలువరించాడు. ఫిలడెల్ఫియాకు దూరంగా ష్వెంక్స్‌విల్ దగ్గర ఏటి ఒడ్డున ఒక పాత పిండిమరను కొని, దానినే ఇల్లుగా చేసుకొని, కొయ్యపనీ చిత్రలేఖనమూ సాగిస్తూ జీవించాడు. కుమారుడు కూడా తండ్రి విద్యనే అభ్యసించి ఆయనతో కలిసి పనిచేశాడు. మూడు మార్లు క్షయ తినివేసిన ఆ దేహం 1958 ఆగస్టు 16 వరకు నిలిచింది. అప్పటికి ఆయనకు 92 సంవత్సరాలు.

ఆయన మరణించిన కొద్ది సంవత్సరాలకు, 1960లలో, జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా వంగే బ్రాంకోస్కోపును తయారు చేశాడు. పోగుల వంటి గాజు తీగలలో వెలుగు ప్రయాణించే ఆ పరికరం వచ్చాక, జాక్సన్ నాటి బిగుసైన లోహపు గొట్టం అనేక ఆసుపత్రులలో అలమరలోకి చేరింది. దాని పని అయిపోయిందనుకొన్నారు. కాని ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో జాన్ ఫ్రాన్స్వా దుమోన్ దానిని మళ్ళీ చేతబట్టాడు. దాని గుండా లేజరు పంపి గడ్డలను కాల్చాడు. 1990లో తన సిలికాన్ స్టెంటును ప్రకటించాడు. బయటి వైపు చిన్న చిన్న బుడిపెలుండే ఆ నాళం జారిపోకుండా గోడను పట్టుకొని నిలుస్తుంది. దానిని లోపలికి చేర్చడానికి ఆ పాత లోహపు గొట్టమే కావలసి వచ్చింది. స్టెంటు అనే పేరు 19వ శతాబ్దపు లండన్ దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్‌ది. పళ్ళ అచ్చులు తీయడానికి ఆయన చేసిన మైనపు వంటి పదార్థాన్ని తరువాత శస్త్రవైద్యులు చర్మాన్ని అదిమి ఉంచడానికి వాడుకొన్నారు. అలా ఆ పేరు దేహంలో ఏ దారినైనా నిలిపి ఉంచే వస్తువుకు అంటుకొన్నది.

భౌతికశాస్త్ర విద్యార్థుల కోసం ఒక లెక్క. సాఫీగా ప్రవహించే గాలికి గొట్టం వ్యాసం సగమైతే అడ్డంకి రెండింతలు కాదు, పదహారింతలవుతుంది. పెద్దవారి ప్రధాన శ్వాసనాళం సుమారు 15 నుండి 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది 8 మిల్లీమీటర్లకు తగ్గితే మెట్లెక్కినప్పుడు ఆయాసం. 5 మిల్లీమీటర్లకు తగ్గితే కూర్చున్న చోటనే ఆయాసం. ఆ నాలుగైదు మిల్లీమీటర్లను తిరిగి ఇవ్వడమే స్టెంటు పని. గడ్డ బయటినుంచి నొక్కినప్పుడు అది గోడలా అడ్డుకొంటుంది. లోపలికి పెరిగినప్పుడు ముందు గడ్డను చెక్కి తీసి, తరువాత దీనిని నిలుపుతారు. లోహపు వల వంటివి, రెండు శాఖలుగా చీలేచోట అమర్చే చీలిక ఆకారం గలవి కూడా ఉన్నాయి. ఇబ్బందులూ ఉన్నాయి. కఫం గడ్డకట్టి మూసుకుపోవచ్చు, చోటు తప్పవచ్చు, కొనల దగ్గర కండ పెరగవచ్చు. అన్నిటికీ మించి, ఇది క్యాన్సర్‌ను నయం చేయదు. అందుచేత దీనిని వృథా ప్రయాస అనేవారూ ఉన్నారు. ఊపిరాడక కూర్చున్న మనిషి పక్కన ఒక్క రాత్రి గడిపినవారు ఆ మాట అనలేరు.

ఈ సంగతులన్నీ మేము చాచా దగ్గర కూర్చొని భాగాలు భాగాలుగా చెప్పాము. ఉర్దూలో కొంత, తెలుగులో కొంత. బొగ్గు గని సంగతి విని ఆయన తల పంకించారు. నీళ్ళు తాగిన పిల్ల కథను రెండవసారి చెప్పించుకొన్నారు. బీడీ కట్టను మనవడి చేత పారవేయించిన రోజు గురించి తానుగా చెప్పి నవ్వారు. రోజూ ఉప్పునీటి ఆవిరి పట్టుకొనేవారు, స్టెంటులో కఫం పేరుకోకుండా. వార్షికోత్సవానికి వచ్చి మొదటి వరుసలో కూర్చున్నారు కూడా. వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరిచేలోగానే ఆయన కాలం చేశారు. చివరి రాత్రి కూడా దిండు గోడకు ఆనించలేదనీ, వెల్లకిలా పడుకొనే ఉన్నారనీ వారి అమ్మాయి మాతో చెప్పారు.